పున్నమ్మ తెలుగులో చెప్పిన జవాబు

శనివారంనాడు రాణీఘాట్ బజారులో చాయ్ దుకాణం గోడకి ఎవరో అతికించిన పేపరు ముక్క మంగళవారానికి కూడా ఊడలేదు. మధ్యలో ఒక వాన వచ్చి పోయింది. అంచులు చీకిపోయినా, మునిసిపాలిటీ ఛైర్మన్ శిశిర్ హాల్దార్ ఫొటో, దాని పక్కన ఆయనన్న మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంగ్లీషు రానివాళ్ళకి దుకాణంవాడే చదివి చెబుతున్నాడు, ప్రతిసారీ కాస్త కారం పెంచి.

"దన్మోర్ జూట్ మిల్లు ఇక తెరవరు. తెరుస్తారని మేము చెబుతున్నదంతా ఉత్తమాట. ఈ ఊరి పని అయిపోయింది. బయటినుంచి వచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోవడం మంచిది."

రాజ్యమేలుతున్న పార్టీ మనిషి, జెండా పట్టుకుని తల నెరిసినవాడు, కలకత్తా పేపరు అమ్మాయి ఎదుట ఇంత మాట అనేశాడు. బడ్జ్ బడ్జ్ రైలు మార్గం పొడుగునా అదే చర్చ. అన్నిటికన్నా ఎక్కువగా మండింది దన్మోర్ మిల్లు వెనకాల ఉన్న కూలీ లైన్లలో, పనివాళ్ళ వరస ఇళ్ళలో. అక్కడున్నవాళ్ళలో సగంమంది శ్రీకాకుళం జిల్లానుంచి తాతలనాడు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. 'బయటివాళ్ళు' అంటే ఎవరో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పున్నమ్మకి ఆ మంట రెండువైపులా తగిలింది. ఆమె ఆ లైన్లలోనే పుట్టిన మనిషి. ఇప్పుడు ఆ లైన్లకే వార్డు కౌన్సిలరు. ఆడవాళ్ళకి కొన్ని వార్డులు కేటాయించిన మొదటి ఎన్నికల్లో ఆమెను పట్టుబట్టి నిలబెట్టి గెలిపించింది ఎవరో కాదు, ఊరంతా శిశిర్‌దా, అంటే శిశిరన్న, అని పిలిచే ఆ ఛైర్మనే. ఆదివారం సాయంత్రం పార్టీ లోకల్ కమిటీ కార్యదర్శి తపన్ ఆమె ఇంటికి వచ్చి, మంగళవారం మధ్యాహ్నం టీవీవాళ్ళు వస్తున్నారనీ, మునిసిపాలిటీ హాల్లో ఆమె లేచి మాట్లాడాలనీ చెప్పాడు. ఏం మాట్లాడాలో కూడా చెప్పాడు. ఛైర్మన్‌గారికి వయసు మీద పడింది, మాట తూలింది, మిల్లు దుర్గాపూజలకి తెరుస్తారు. అంతే. చెబితే రేపు ఆ ఛైర్మన్ కుర్చీ ఆమెదే. చెప్పకపోతే? తపన్ అక్కడ ఆగి, టీ కప్పు కింద పెట్టి, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయాడు.

అందుకే మంగళవారం పొద్దున్నే, అన్నం కూడా వార్చకుండా, పున్నమ్మ శిశిర్‌దా ఇంటికి బయల్దేరింది.

దారి మిల్లు గోడ వెంబడే పోతుంది. మిల్లు మూసి మూడో ఏడు. గోడమీద నాచు పట్టింది, రావిమొలకలు ఇటుకల్ని చీలుస్తున్నాయి. అయినా ఆ గోడ పక్కన నడిచినప్పుడల్లా పున్నమ్మకి లోపల మగ్గాలు ఆడుతున్నట్టే ఉంటుంది. ఆ మోత ఆమెకి చెవులతో విన్న జ్ఞాపకం కాదు, అరికాళ్ళతో విన్నది. చిన్నప్పుడు ఈ దారిలో నేలే వణికేది. కొత్తగా వచ్చిన చుట్టాలు రాత్రి నిద్రపట్టక బెంబేలుపడితే, లైన్లవాళ్ళు నవ్వేవారు. మిల్లు ఆగిన మొదటి రాత్రి ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరికీ కునుకు రాలేదు.

సాహెబులు పెట్టుకున్న పేరు దన్మోర్. అది తెలుగువాళ్ళ నోట్లో పడి దన్మూరు అయింది. "దన్మూరులో పని దొరికింది" అని పలాసలోనో టెక్కలిలోనో ఎవరైనా అంటే, ఆముదాలవలస పక్క ఊరేమో అనుకునేవారట. పున్నమ్మ తల్లి జగ్గమ్మ కొత్తకోడలిగా వస్తూ అలాగే అనుకుని, మద్రాసు మెయిలెక్కి, ఎంతకీ దన్మూరు రాకపోయేసరికి హౌరాలో దిగి ఏడ్చిందట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా చివరికి వచ్చేసరికి జగ్గమ్మే పడీపడీ నవ్వేది. ఆ తల్లి సంచులు కుట్టే విభాగంలో పనిచేసింది. పెద్దసూది, జనపదారం, గోనెల గుట్ట. ఆ గుట్టమీదే పసిపిల్లలు పడుకునేవారు. పున్నమ్మకూడా అలా పడుకున్నదే. జనపపీచు జుట్టులోనూ కనురెప్పలమీదా పడి, సాయంత్రం లైన్లకి తిరిగొచ్చే ఆడవాళ్ళందరూ ఒక్కసారే ముసలివాళ్ళయిపోయినట్టు కనిపించేవారు. గంగలో మునిగి లేవగానే మళ్ళీ పడుచువాళ్ళు.

హప్తా, అంటే వారం కూలి, ఇచ్చే రోజున ఈ గోడ వెంబడే సంత. గాజులవాడు, చేపలవాడు, జాతకం చెప్పే చిలక. బెంగాలీలు ఇలిష్ అనే చేపని లైన్లవాళ్ళు పొలస అనే అడిగేవారు. చేపలవాడు కూడా "పొలస, పొలస" అని అరవడం నేర్చుకున్నాడు. దుర్గాపూజ పందిట్లో ఢాకీల డప్పు ఆగగానే, పక్కసందులో నూకాలమ్మకి పసుపునీళ్ళు పోసేవారు. ఇక్కడి కుర్రాళ్ళు అక్కడా, అక్కడి కుర్రాళ్ళు ఇక్కడా. ఫలానావాళ్ళు బయటివాళ్ళు, ఫలానావాళ్ళు లోపలివాళ్ళు అని ఆ రోజుల్లో ఎవరైనా అన్నారేమో పున్నమ్మ ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

శిశిర్‌దా వసారాలో కూర్చుని, దోమతెర చిరుగు కుట్టుకుంటున్నాడు. ఒంటరి మనిషి. బడిపంతులుగా రిటైరయ్యాడు, పెళ్ళి చేసుకోలేదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. పున్నమ్మ మెట్టుమీద నిలబడి ఆ కుట్టు చూసింది. అది గోనెసంచి కుట్టు. పెద్ద సమ్మెలో నెలల తరబడి మిల్లు ఆగినప్పుడు ఈయన లైన్లలో గంజివంట పెట్టించాడు. వంట ఉడికేలోగా పిల్లలకి అక్షరాలు దిద్దబెట్టేవాడు. పలకల్లేక గోనెసంచిమీద, సంచులకి మార్కా వేసే నల్లసిరాతో. పదిహేనేళ్ళ పున్నమ్మ బెంగాలీలో మొదటి అక్షరం రాసింది అలాగే. ఆ రోజుల్లోనే జగ్గమ్మ, "మాకు అచ్చరాలు సెప్తన్నాడు, ఈయనకి మనం ఏటిస్తాం?" అని, కూర్చోబెట్టి ఈ కుట్టు నేర్పింది.

"వచ్చావా పూర్ణా," అన్నాడు తలెత్తకుండా. పున్నమ్మ అన్న పేరు ఆయన నోట మొదటినుంచీ పూర్ణే. "తపన్ పంపాడా?"

"నేనే వచ్చాను, శిశిర్‌దా." ఇద్దరూ మాట్లాడుకునేది బెంగాలీలో. "నాకు రెండు మాటలు కావాలి. మిల్లు తెరవరన్నది నిజమేనా? అది ఒకటి."

"నిజం. మగ్గాలు అమ్మేశారు. కలకత్తాలో పార్టీ పెద్దవాళ్ళ గదిలో నా ఎదుటే చెప్పారు. నేడో రేపో లారీలొస్తాయి. కొన్నది ఎవరో నాకు తెలీదు. ఊళ్ళో చెప్పవద్దన్నారు, గొడవలవుతాయని. రెండోది?"

పున్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"మేము బయటివాళ్ళమా?"

సూది ఆగింది.

"మా అమ్మ చచ్చిపోతే పాడె మోసింది మీరు. నా పెళ్ళికి పెద్దగా నిలబడింది మీరు. ఓట్లకి తిరిగినప్పుడు గుమ్మం గుమ్మం దగ్గరా ఏమన్నారు? 'ఇది ఈ ఊరి ఆడపడుచు' అన్నారు. మీరు మిల్లు చచ్చిందంటే నేను తట్టుకుంటాను. అది అందరికీ లోపల తెలిసిందే. కానీ ఆ మాట మీ నోట ఎలా వచ్చింది? మా లైన్లో ముసలాళ్ళు మూడు రోజులుగా నన్ను అడుగుతున్నారు, శిశిర్‌బాబు మమ్మల్ని పొమ్మన్నాడా అని. వాళ్ళకి వేరే ఊరు ఎక్కడుంది? ఊరి పేరు తెలుసుగానీ దారి తెలీదు."

శిశిర్‌దా దోమతెర ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు.

"మీ మరిది అప్పలసూరి పోయిన వారం ఇక్కడికి వచ్చాడు," అన్నాడు. "నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఒకటే అడిగాడు. 'దాదా, మిల్లు తెరుస్తారా, తెరవరా? నిజం చెప్పండి. మా ఒదిన చెప్పదు.'"

పున్నమ్మ మెట్లెక్కి ఆయన ఎదుట కూర్చుంది.

అప్పలసూరి ఆమె భర్త గురువులు తమ్ముడు. చేతుల్లో పెరిగినవాడు. మిల్లు మూసిన ఏడు విశాఖపట్నం హార్బరులో పని ఉంది రమ్మని మేనమామ కబురంపితే, పెట్టె సర్దుకున్నాడు. "పూజలకి తెరుస్తారు, ఉండిపోరా సూరీ" అని పెట్టె విప్పించింది పున్నమ్మే. పూజలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి. ఇప్పుడతను టికియాపారా రైలు యార్డులో మూటలు మోస్తున్నాడు. ఎప్పుడైనా ఇంటికొస్తే వదిన వడ్డించిన అన్నం తింటాడుగానీ ఆమె ముఖంకేసి చూడడు.

"ఏం చెప్పారు మీరు?"

"పూజలకి అన్నాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వీపు చూశాను పూర్ణా, గూని వచ్చేసింది ఆ కుర్రాడికి. మర్నాడో ఆ మర్నాడో పేపరు అమ్మాయి వచ్చింది. అతనికి చెప్పాల్సింది ఆమెకి చెప్పాను. కోపంలో చెప్పాను. ఆ కోపం మీమీద కాదు. మీరు ఇక్కడ కూర్చుని మా మాటలు నమ్ముతున్నారే, దానిమీద. లేచి పోండి, బతకండి, అని అరవాలనిపించింది. నోట్లోంచి 'బయటివాళ్ళు' అని వచ్చింది." ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకుంటాను. మిగతావి తీసుకోను. నువ్వు ఇవాళ హాల్లో నాకు మతి పోయిందని చెప్పు, నాకేం బాధ లేదు. కానీ పూజలకి తెరుస్తారని మాత్రం చెప్పకు."

పున్నమ్మ లేచి, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, ఎందుకో, "కుట్టు వదులుగా పడుతోంది, దారం బిగించి లాగండి," అంది.

మధ్యాహ్నానికి మునిసిపాలిటీ హాలు కిక్కిరిసింది. ఒకప్పుడది మిల్లు సాహెబుల క్లబ్బు. నేలమీద చెక్కలు ఇప్పటికీ నడిస్తే మూలుగుతాయి. వేదికమీద మధ్య కుర్చీ ఖాళీ. శిశిర్‌దా వచ్చాడుగానీ పైకెక్కలేదు, జనంలో నాలుగో వరసలో కూర్చున్నాడు. పున్నమ్మ పక్కన తపన్, ఇస్త్రీ చొక్కా. ఎదురుగా టీవీ కెమెరా, దాని పక్కన పేపర్లవాళ్ళు. వెనకాల గోడ పొడుగునా లైన్లవాళ్ళు. గురువులు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మిల్లులో నేతపని చేసినన్నాళ్ళూ మగ్గం దగ్గర ఎలా నిలబడేవాడో అలాగే, ఒక భుజం కిందికి వంచి.

తపన్ ముందుగా మాట్లాడాడు. రాష్ట్రం ముందుకు పోతోందన్నాడు, ఢిల్లీ సవతితల్లి ప్రేమ చూపిస్తోందన్నాడు. జనం దగ్గారు. అతను మైకు పున్నమ్మవైపు జరిపాడు.

ఆమె లేచింది. బెంగాలీలో మొదలుపెట్టింది. "మన ఛైర్మన్‌గారికి వయసు..." అంది. ఆగింది. నాలుగో వరసలో ముసలాయన చేతులు కట్టుకుని, పిల్లచేత పాఠం అప్పజెప్పించుకుంటున్న పంతులులా ఆమెకేసే చూస్తున్నాడు. మళ్ళీ "వయసు..." అంది. హాల్లో ఎవరో దగ్గారు. తపన్ బల్ల కింద తన బూటు ఆమె కాలికి తగిలించాడు.

అప్పుడు పేపర్లవాళ్ళలోంచి ఒక అమ్మాయి లేచింది. చేనేత కుర్తా, చేతిలో చిన్న టేపు రికార్డరు. శిశిర్‌దా మాటలు రాసింది ఆమే. భానుమతి. తెలుగువాళ్ళ పిల్లే, తండ్రి బ్యాంకు ఆఫీసరు, కలకత్తాలోనే పెరిగిందని అప్పటికే లైన్లలో తెలిసిపోయింది.

"పున్నమ్మగారూ," అంది తెలుగులో. బెంగాలీ సొగసు కలిసిన తెలుగు. "మీరు ఈ ఊళ్ళోనే పుట్టారని విన్నాను. ఛైర్మన్‌గారు చెప్పింది నిజమా, అబద్ధమా? మీకు ఏ భాష వీలైతే ఆ భాషలో చెప్పండి. నేను రాసుకుంటాను."

తపన్ కనుబొమలు ముడిచాడు. వెనకాల గోడ దగ్గర ఒక్కసారి కదలిక. ఆ హాల్లో అంతవరకూ ఏ మీటింగులోనూ తెలుగు వినబడలేదు. పున్నమ్మ భానుమతివైపు తిరిగింది.

"నిజిమే అమ్మా," అంది. "మిల్లు తెరవరు. మూడేళ్ళై మేమందరం అబద్దం సెప్తన్నాం. నానూ సెప్పినాను. నా సొంత మరిదికి సెప్పినాను. ఆడు ఇన్నాడు, పాడైపోనాడు."

భానుమతి టేపు రికార్డరు ముందుకు చాపింది.

"నువ్వు పేపర్లో రాస్తావు గదా, ఇదీ రాసుకో. మా జెట్టీ కాడ సరుకు పడవలు ఆగీవి. ఇప్పుడు పిడకలు ఆరబెడతన్నారు. సినిమా హాలు ఉల్లిపాయల గోదామైపోనాది. మా పిల్లలకి తెలుగు సెప్పీ బడి ఉండీది, మేష్టరు ఎల్లిపోతే మల్లీ ఒకుడు రానేదు. వొయిసులో ఉన్న కుర్రోళ్ళు సూరత్తని ఒకుడు, కేరళని ఒకుడు. ముసలోళ్ళూ మేమూ మిగిలినాం. నాను కౌన్సిలర్నమ్మా. నా సేతిలో ఏటున్నాదంటే వీధిలైటు బల్బున్నాది. ఎలిగించడానికి వీధిలో మనుసులుండాల గదా!"

ఎవరో నవ్వారు, వెంటనే ఆపుకున్నారు.

"శిశిర్‌దా నిజిం సెప్పినాడు. ఒక్క మాటకాడ తప్పినాడు. మేం బయటోళ్ళం కాదు. ఈ మిల్లు పొగగొట్టానికి ఇటికెలు మోసినోళ్ళలో మా తాత ఉన్నాడు. మా అమ్మ బూడిద ఈ గంగలోనే కలిసినాది. మిల్లోళ్ళు మగ్గాలు అమ్మీసినారట. లారీలొస్తాయట. మా లైన్లలో ఉన్నోళ్ళ గతేటో సెప్పకుండా ఒక్క మగ్గం గేటు దాటనివ్వం. గేటు కాడ అందరికన్నా ముందు నానే కూకుంటాను. నన్ను దాటుకుని ఎల్లమను."

లైన్లవాళ్ళ గోడ కదిలిపోయింది. ఆడవాళ్ళు కొందరు ఏడుస్తున్నారు, కొందరు చప్పట్లు కొడుతున్నారు. బెంగాలీలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తపన్ వంగి, "ఏమంటోంది? ఏమంది?" అని పక్కనున్న తెలుగు గుమాస్తాని అడిగాడు. ఆ గుమాస్తా పైకప్పుకేసి చూశాడు.

"నేనే చెబుతాను, తపన్‌దా," అంది పున్నమ్మ. మైకు దగ్గరికి లాక్కుని, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ బెంగాలీలో చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. కెమెరావాడు రెండడుగులు ముందుకొచ్చాడు. తపన్ లేచి వెళ్ళిపోయాడు. అతని కుర్చీ పడిన చప్పుడు చెక్కనేలమీద పెద్దగా వినిపించింది. చెప్పడం ముగించి పున్నమ్మ కిటికీవైపు చూసింది. గురువులు అక్కడ లేడు.

జనం పలచబడ్డాక శిశిర్‌దా ఆమె దగ్గరికి వచ్చాడు. ఏదో పెద్దమాట అంటాడనుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బెంగాలీలో చెప్పినప్పుడు ఒక క్రియ తప్పు పలికావు," అన్నాడు. "గంజివంట రోజులనుంచీ అదే తప్పు." అని, ఆమె తలమీద చెయ్యి పెట్టి, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

పున్నమ్మ ఇంటికొచ్చేసరికి పొద్దు గంగ అవతలి ఒడ్డున వాలుతోంది. గురువులు వాకిట్లో పీటమీద కూర్చుని, కొబ్బరినూనెతో చేతులు రుద్దుకుంటున్నాడు. అరచేతుల్లో నల్లటి మడ్డి. మిల్లు నడిచినప్పుడు రోజూ ఈ వేళకి ఇదే పని చేసేవాడు. మడ్డి వదిలేదాకా ఆమె చెంబుతో నీళ్ళు పోసేది. ఆ పాత అలవాటే ఆమెను నడిపించింది. అడక్కుండానే చెంబు తెచ్చి నీళ్ళు వొంపింది. సగం చెంబు అయ్యాక ఆమెకి తట్టింది. మూడేళ్ళుగా ఆ చేతులకి మడ్డి లేదు.

"ఏటి మాఁవా, మీటింగు మజ్జిలో లెగిసొచ్చీసినావు?"

"ఇన్నాను గదా."

"తప్పు సెప్పినానా?"

"తప్పు సెప్పినేదు. బాగా సెప్పినావు. మీ అమ్మ ఉంటే మురిసిపోయీది." అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నాకు పని దొరికిందే."

"ఏ కాడ?"

"దన్మూరులోనే."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకుంది.

"మగ్గాలు ఇప్పీ పని. నాలుగు రోజులై ఎల్తన్నాను. టికియాపారా, సూరిగాడి కాడికెల్తన్నానని నీకు సెప్పింది అబద్దం."

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. "నీ సేత్తోనా? నీ మగ్గాన్ని నీ సేత్తో ఇప్పినావా?"

"మరెవుడి సేత్తో ఇప్పాల?" గురువులు గొంతు లేచింది. "కంట్రాక్టరోడి మనుసులు గంగవేపు షెడ్డులోకి సుత్తులట్టుకొచ్చినారు, లైన్లకి ఇనబడదు. బోల్టు తిరక్కపోతే బద్దలుకొట్టీడమే. గోడ ఇవతలనుంచి ఇంటన్నాను, ఒకో దెబ్బా నా దవడమీద పడ్డట్టుండీది. ఓర్సలేకపోనాను. లోపలికెల్లి, ఆగండ్రా బాబూ, అదలగ కాదు, ముందు ఈ కడ్డీ దించాల, తరవాత ఆ చక్రం, అని సూపించినాను. ఆ పొద్దే నన్ను మేస్త్రీని సేసీసినారు."

"ఇనపముక్కలకి అమ్మీడానికి నువ్వు మేస్త్రీవా?"

"ఇనపముక్కలకి కాదే, అదే నీకు సెప్పాలని సూస్తన్నాను!" పీట పక్కకి తోసి లేచాడు. మూడేళ్ళలో ఆమె చూడని వెలుగు ఒకటి ఆ ముఖంలో ఉంది. "మల్లీ నిలబెడతారట. మల్లీ ఆడతాయి. ఎక్కడో తెలుసా? బొబ్బిలి దాపున. మన దేశంలో, మనోళ్ళ మజ్జిన! అక్కడెవులో కొత్తగా జనపమిల్లు పెడతన్నారు. బిగించడానికి తెలిసినోడు గావాలని నన్ను రమ్మన్నారు. నా ఎనకాల సూరిగాడికీ పని అడిగినాను. సరే అన్నారు. నిన్ననే ఆడికి కబురెట్టినాను. ఇన్నాళ్ళకి ఆడు నవ్వినాడట."

పున్నమ్మకి మిల్లు గోడ వెంబడి పాకిన వణుకు ఇన్నేళ్ళకి మళ్ళీ అరికాళ్ళకి తెలిసినట్టయింది. ఆ మగ్గాలు ఆడతాయి. సూరిగాడు నవ్వాడు. ఆ రెండూ జరగాలంటే మగ్గాలు గేటు దాటాలి. దాటనివ్వనని ఆమె ఊరందరి ఎదుటా, రెండు భాషల్లో, కెమెరాకి చెప్పి వచ్చింది.

"ముందే ఏల సెప్పినేదు నాకు?" అంది.

"ఏటని సెప్పను? నువ్వు కౌన్సిలరువి. మిల్లు తెరుస్తారని నువ్వు అందరికీ సెప్తన్నావు. నీ మొగుడు లోపల మగ్గాలు ఇప్పుతున్నాడని తెలిస్తే నీ నోరు నొక్కీసినట్టవదా? ఈ పొద్దు సెప్దుమనుకున్నాను. నువ్వు మైకులో సెప్పీసినావు."

అతను గోడకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

జవాబు వీధి చెప్పింది. సందు మొదట్లోంచి పరుగుల చప్పుడు. తలుపు తెరిచే ఉన్నా ఎవరో దబదబ బాదారు.

"పున్నమ్మప్పా! లారీలొచ్చీసినాయి! ఎనకగేటు కాడ మూడు నిలబడ్డాయి! బేగి రాయే, మేమందరం నీకోసమే సూస్తన్నాం!"

పున్నమ్మ గడప దాకా వచ్చింది. సందు నిండా ఆడవాళ్ళు. చంకలో చాపలు, భుజాలమీద పిల్లలు. హాల్లో ఏడ్చినవాళ్ళూ చప్పట్లు కొట్టినవాళ్ళూ అందరూ ఉన్నారు. ఆమె కనబడగానే ఒక్క పెట్టున కేకలు ఆగిపోయాయి. ఆమె మాటకోసం చూస్తున్నారు.

వెనకనుంచి గురువులు ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు.

"మొదటి లారీ మీద మగ్గాలతోపాటు కూకుని నానే ఎల్లాల. ఇప్పుడు సెప్పు. నన్ను ఎక్కమంటావా, ఒద్దంటావా?"